నీరసానికి ఏ డబ్బా? బి12, క్రియాటిన్, కోక్యూ10, ఎన్‌ఎమ్‌ఎన్‌లలో ఎవరికి ఏది

అమెరికా నుంచి పిల్లలు వస్తున్నారంటే ఒకప్పుడు ఇంటికి చాక్లెట్లు, సెంటు సీసాలు వచ్చేవి. ఇప్పుడు వాటి పక్కన అమ్మానాన్నల కోసం ఎన్‌ఎమ్‌ఎన్, కోక్యూ10 లాంటి పేర్లున్న డబ్బాలు కూడా దిగుతున్నాయి. ఇక్కడ ఆన్‌లైన్‌లోనూ ఇలాంటివి బోలెడు. కణాలకు శక్తి, వయసుకు కళ్ళెం అని వాటి మీద రాసి ఉంటుంది. యాభై దాటి, సాయంత్రానికి ఓపిక అయిపోతున్నవాళ్ళకి ఆ మాటలు సూటిగా తగులుతాయి. ఏది కొనాలో తేల్చుకోలేక అన్నీ కొనేసేవాళ్ళూ ఉన్నారు.

నా వరస ముందే చెప్పేస్తాను. మొదట రక్తపరీక్ష. అందులో ఏదైనా లోటు బయటపడితే ఆ లోటుకే మందు. లోటేమీ లేదు, వ్యాయామం చేస్తాను అనుకుంటే క్రియాటిన్. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడి కోక్యూ10. బి3 విటమిన్ కుటుంబానికి చెందిన ఎన్‌ఎమ్‌ఎన్, ఎన్‌ఆర్ వగైరాలు అన్నిటికన్నా చివర, డబ్బు మిగిలి, కుతూహలం కూడా ఉంటేనే. ధరల వరస మాత్రం దాదాపు దీనికి తలకిందులుగా ఉంటుంది. బి12 చవక, ఎన్‌ఎమ్‌ఎన్‌కి నెలకు వేలల్లో.

ఇంతకీ ఏ శక్తి?

డబ్బా మీద సెల్యులర్ ఎనర్జీ అని రాస్తే అది కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే ఏటీపీ అనే అణువు గురించి. దీని చరిత్రలో మనవాడొకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. ఇవాళ జిమ్ కుర్రాళ్ళు స్కూపులతో కలుపుకుని తాగే క్రియాటిన్ పొడి కథ అక్కడిదాకా పోతుంది.

కండరంలో ఏటీపీ నిల్వ కొద్ది సెకన్లకు మించి చాలదు. ఎప్పటికప్పుడు తయారవుతూ ఉండాలి. ఆ తయారీలో ఎక్కువ భాగం కణాల లోపలుండే మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో జరుగుతుంది. తిన్నదాని నుంచి ఎలక్ట్రాన్లను అందుకుని మోసుకెళ్ళేవాటిలో ఎన్‌ఏడీ ఒకటి, కోక్యూ10 ఇంకొకటి. ఆ దారిలోని ప్రొటీన్లకు ఇనుము కావాలి, బి విటమిన్లు కావాలి. ఆక్సిజన్ అందాలంటే రక్తంలో హిమోగ్లోబిన్ ఉండాలి. ఇక ఫాస్ఫోక్రియాటిన్, కరెంటు పోయిన క్షణంలో ఇన్వర్టర్ అందుకున్నట్టు, కుర్చీలోంచి లేచేటప్పుడు, బరువెత్తేటప్పుడు ఏటీపీని వెంటనే నింపుతుంది.

కాబట్టి అమ్మేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఈ పదార్థాలన్నిటికీ శక్తితో సంబంధం నిజంగానే ఉంది. అయితే ఇంజన్‌లో ఫలానా భాగం ఉందని చెప్పడం వేరు, మీ ఒంట్లో ఆ భాగమే తక్కువై నీరసం వచ్చిందని తేలడం వేరు. డబ్బా మీద మొదటిదే ఉంటుంది.

ముందు లోటు సంగతి తేల్చుకోండి

సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఇనుము నిల్వ), బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (షుగరు), క్రియాటినిన్ (కిడ్నీలు). ఈ పరీక్షలన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు చాలాసార్లు ఒక ఎన్‌ఎమ్‌ఎన్ డబ్బా ధర దాటదు. వీటిని వదిలేసి మైటోకాండ్రియా గురించి ఆలోచించడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇనుము మాట చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడటం, పొద్దున్నే లేవాలంటే బద్ధకం. ఇవన్నీ వయసు మీద పడటం వల్లేనని సర్దుకుపోయేవాళ్ళలో ఎంతోమందికి కావలసింది ఇనుము మాత్ర. దాన్ని టీతోనో కాఫీతోనో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు, కనీసం గంట ఎడం ఉండాలి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో, మగవాళ్ళలో ఇనుము తగ్గితే మాత్రం మాత్ర వేసుకుని ఊరుకోకూడదు. కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో డాక్టరు చూడాలి. ఇక్కడ సప్లిమెంటు నిజాన్ని కప్పిపెట్టే ప్రమాదం ఉంది.

బి12 సంగతి మన ఇళ్ళలో ఇంకా ముఖ్యం. ఇది మాంసం, చేప, గుడ్డు, పాలల్లో తప్ప మొక్కల ఆహారంలో దాదాపు ఉండదు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. దానికి తోడు షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, పరగడుపున అలవాటుగా వేసుకునే గ్యాస్ ట్యాబ్లెట్లు, ఏళ్ళ తరబడి వాడితే, బి12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి. అరవై దాటిన శాకాహారి, షుగరు ఉన్న మనిషి, రోజూ గ్యాస్ ట్యాబ్లెట్: ఈ మూడూ ఒకే మనిషిలో కలిసిన ఇళ్ళు ఎన్ని లేవు! అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం అన్నీ బి12 లోటుతో రావచ్చు. ఎక్కువకాలం పట్టించుకోకపోతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా నయం కాకపోవచ్చు. లోటు బాగా ఉంటే డాక్టర్లు ఇంజెక్షన్లు ఇస్తారు. చాలామందికి రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర కూడా పనిచేస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. మెడికల్ షాపులో నరాల బలానికి అని ఇచ్చే మాత్రల్లో బి12తో పాటు బి6 కూడా ఉంటుంది. బి6ని పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే అదే తిమ్మిర్లు తెస్తుంది. స్ట్రిప్ వెనక చదివి, రెండు మూడు రకాల మాత్రల్లో ఒకే విటమిన్ పడుతోందేమో చూసుకోవాలి.

విటమిన్ డి తక్కువగా ఉంటే సరిచేసుకోవలసిందే. లోటు లేనివాళ్ళకు మాత్రం దాని మీద పెట్టుకున్న ఆశలు చాలావరకు నిలవలేదు. అమెరికాలో పాతిక వేలమందికి పైగా పాల్గొన్న వైటల్ ట్రయల్‌లో రోజుకు 2000 యూనిట్లు ఇచ్చినా క్యాన్సర్ రావడం గానీ, గుండెపోట్లు గానీ తగ్గలేదు. మన దగ్గర సమస్య ఇంకోటి. వారానికొకటి చొప్పున కొన్ని వారాలకు రాసిచ్చిన 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్‌ని సంవత్సరాల తరబడి వేసుకునేవాళ్ళున్నారు. డి విటమిన్ ఒంట్లో పేరుకుపోతుంది, కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది.

క్రియాటిన్: చవకది, ఆధారం ఉన్నది

దీని పేరు వినగానే పెద్దవాళ్ళు అది బాడీ బిల్డర్లు తాగేది కదా అంటారు. నా లెక్కలో దీని అవసరం వాళ్ళకన్నా అరవై దాటినవాళ్ళకే ఎక్కువ. వయసుతో కండ కరుగుతుంది. సోఫాలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోవడం, బాత్రూములో తూలిపడటం, తుంటి ఎముక విరగడం, వీటి వెనక చాలాసార్లు అదే ఉంటుంది.

ఒంట్లో క్రియాటిన్‌లో దాదాపు 95 శాతం కండరాల్లోనే ఉంటుంది. రోజుకు ఒక గ్రాము వరకు మన శరీరమే తయారుచేసుకుంటుంది, మిగతాది మాంసం, చేపల నుంచి రావాలి. పప్పుల్లో, కూరగాయల్లో ఉండదు. అందుకే శాకాహారుల కండరాల్లో నిల్వ తక్కువ, పొడి వాడినప్పుడు పెరుగుదల ఎక్కువ. బరువులెత్తే వ్యాయామం చేసే పెద్దవాళ్ళ మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో చూసినప్పుడు, క్రియాటిన్ తీసుకున్నవాళ్ళకు తీసుకోనివాళ్ళకన్నా సుమారు 1.4 కిలోల కండ ఎక్కువ చేరింది, బలమూ పెరిగింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా 55 దాటినవాళ్ళ విషయంలో, బరువుల వ్యాయామంతో కలిపి రోజుకు 3 గ్రాములు కండబలానికి పనికొస్తుందని ఒప్పుకుంది. వ్యాయామంతో కలిపి అన్న మాటని దాటేయకండి. పొడి తాగి టీవీ ముందు కూర్చుంటే వచ్చేది చాలా తక్కువ.

మోనోహైడ్రేట్ అన్నదే కొనండి. హెచ్‌సీఎల్ అనీ, బఫర్డ్ అనీ ఎక్కువ ధరకు అమ్మేవాటికి దానికి మించిన ఆధారం లేదు. రోజుకు 3 నుంచి 5 గ్రాములు, ఏ వేళలోనైనా, మంచినీళ్ళలో, మజ్జిగలో. మొదటివారం ఎక్కువ మోతాదు వేసుకోవాలన్న నియమం అక్కర్లేదు. మొదట్లో కండరాల్లో నీరు చేరి బరువు ఒక కిలో వరకు పెరగవచ్చు, కంగారు పడొద్దు.

కంగారు పెట్టే ఇంకో సంగతి ఉంది. క్రియాటిన్ వాడేవాళ్ళకు రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె కొంచెం పెరిగి కనిపించవచ్చు. ఆ అంకె చూసి కిడ్నీలు పాడయ్యాయని ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఈ మోతాదు కిడ్నీలను దెబ్బతీసినట్టు ఆధారం లేదు. వాడుతున్నట్టు డాక్టరుకు ముందే చెబితే సిస్టాటిన్ సి అనే వేరే పరీక్షతో తేల్చుకుంటారు. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం దీని జోలికి సొంతంగా వెళ్ళకూడదు.

పొడి కన్నా ముందు పళ్ళెంలో ప్రొటీన్ ఉండాలి, అది వేరే చెప్పాలా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు. రాత్రి చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకునే పెద్దవాళ్ళకు ఈ లెక్క చాలాసార్లు పూర్తికాదు.

కోక్యూ10 ఎవరికి?

1957లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ క్రేన్ ఆవు గుండె మైటోకాండ్రియా నుంచి దీన్ని వేరుచేశాడు. గుండెలో దీని నిల్వ బాగా ఎక్కువ. మన శరీరమే తయారుచేసుకుంటుంది, కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే. అందుకే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటి స్టాటిన్లు, అంటే కొలెస్ట్రాల్ మాత్రలు, ఆ దారిని తగ్గించినప్పుడు రక్తంలో కోక్యూ10 కూడా తగ్గుతుంది.

దీన్నిబట్టి స్టాటిన్ వాడేవాళ్ళందరూ కోక్యూ10 వేసుకోవాలని అమ్మకాలు సాగుతున్నాయి. తర్కం బాగుంది, ఫలితాలే అంత బాగా లేవు. ఒళ్ళునొప్పులు తగ్గుతాయని కొన్ని అధ్యయనాలు, తగ్గవని మరికొన్ని. పైగా లండన్‌లో జరిగి 2020లో ఫలితాలు వెలువడిన సామ్సన్ ట్రయల్ ఒకటుంది. స్టాటిన్ పడదని మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. నొప్పులు నిజమే, కారణం చాలావరకు మాత్ర వేసుకుంటున్నామన్న భయం. కాబట్టి నొప్పులుంటే డాక్టరుతో చెప్పి మోతాదో మందో మార్పించుకోవడం మొదటి పని. కోక్యూ10 రెండు మూడు నెలలు వాడి చూడటంలో పెద్ద నష్టం లేదు. కోక్యూ10 ఉంది కదా అని స్టాటిన్ మానేయడంలో మాత్రం ఉంది.

దీనికి మంచి ఆధారం కనిపించేది గుండె బలహీనపడే హార్ట్ ఫెయిల్యూర్‌లో. 2014లో వెలువడిన క్యూ-సింబియో ట్రయల్‌లో 420 మంది రోగుల్లో దాదాపు సగం మందికి రెండేళ్ళపాటు మామూలు మందులతో పాటు రోజుకు 300 మిల్లీగ్రాములు ఇచ్చారు. గుండెకు సంబంధించిన తీవ్ర సంఘటనలు ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 26 శాతం మందికి, వీళ్ళలో 15 శాతం మందికి. పెద్ద తేడానే. కానీ ఒక్క ట్రయల్, అంత పెద్దది కాదు. హార్ట్ ఫెయిల్యూర్‌కు ఇచ్చే ముఖ్యమైన మందుల వరసలో ఇది ఇంకా చేరలేదు.

కోక్యూ10 రెండు రూపాల్లో దొరుకుతుంది, యుబిక్వినాలా, యుబిక్వినోనా అన్నది కొనేటప్పుడు వచ్చే ప్రశ్న. మొదటిది ఖరీదు. శరీరం ఒకదాన్ని ఇంకొకదానిగా మార్చుకుంటూనే ఉంటుంది. రెండింటి మధ్య తేడాకన్నా దాన్ని నూనెలో కలిపి సాఫ్ట్‌జెల్‌గా చేశారా లేదా, భోజనంతో వేసుకున్నారా లేదా అన్నదే ఎక్కువ పనిచేస్తుంది. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్ళు అడగకుండా మొదలుపెట్టొద్దు, ఆ మందు ప్రభావం తగ్గిపోవచ్చు.

ఎన్‌ఎమ్‌ఎన్, ఎన్‌ఆర్, పాత నియాసిన్

ఎన్‌ఏడీ లోటు అంటే ఎలా ఉంటుందో తెలంగాణ పల్లెలకు ఒకప్పుడు తెలుసు. జొన్నే ప్రధాన తిండిగా బతికిన దక్కను పేదల్లో పెలాగ్రా వచ్చేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, చివరికి మతి చలించడం. హైదరాబాదులోని పోషకాహార సంస్థలో సి.గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో దీని మీద పనిచేసి, జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ పాత్ర గురించి వాదించారు. దానికి మందు నియాసిన్, అంటే విటమిన్ బి3. దాని నుంచే శరీరం ఎన్‌ఏడీ చేసుకుంటుంది. లోటు ఉన్నచోట కొద్దిపాటి బి3 మనిషిని బతికించింది.

ఎన్‌ఎమ్‌ఎన్, ఎన్‌ఆర్ కూడా ఆ బి3 కుటుంబంలోవే. వయసుతో కణాల్లో ఎన్‌ఏడీ తగ్గుతుందని, దాన్ని నింపితే ముసలితనం ఆలస్యమవుతుందని ఆలోచన. ఎన్‌ఆర్ రోజుకు 1000 మిల్లీగ్రాములు ఆరు వారాలు ఇచ్చిన ఒక చిన్న అధ్యయనంలో రక్తకణాల్లో ఎన్‌ఏడీ సుమారు 60 శాతం పెరిగింది. అంతవరకు నిజం. ఆ పెరుగుదలతో మనిషికి ఏం ఒరిగింది అన్న చోటే కథ నీరుగారుతుంది. 2021లో అమెరికాలో షుగరు అంచున ఉన్న 25 మంది ఆడవాళ్ళ మీద 10 వారాలు ఎన్‌ఎమ్‌ఎన్ పరీక్షించారు. వేసుకున్నవాళ్ళ కండరాలు ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందించాయి, బరువు, బీపీ లాంటివి మారలేదు. అదే ఏడాది, అమెరికా ప్రభుత్వ సంస్థ మూడు ప్రయోగశాలల్లో ఒకేలా ఎలుకల మీద నడిపే ఆయుష్షు పరీక్షలో ఎన్‌ఆర్ ఆయుష్షును పెంచలేదని తేలింది. ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్ కూడా అక్కడే తప్పింది. ఆ రెస్వెరట్రాల్ మీద పనిచేసే కంపెనీని జీఎస్‌కే 2008లో 72 కోట్ల డాలర్లకు కొని, అయిదేళ్ళకే మూసేసింది. డబ్బున్న మందుల కంపెనీకే తగిలిన దెబ్బ అది.

ఆహారం, మందుల మీద నిఘా ఉంచే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో ఎన్‌ఎమ్‌ఎన్‌ని సప్లిమెంటుగా అమ్మకూడదంది, 2025లో అమ్మవచ్చంది. ఆ రెండు నిర్ణయాలూ చట్టం గొడవ గురించే. 2025 మాటను ఎన్‌ఎమ్‌ఎన్ పనిచేస్తుందన్న సర్టిఫికెట్‌గా చూపే ప్రకటనలు కనిపిస్తే నమ్మొద్దు. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు వీటికి దూరంగా ఉండటమే మంచిది. కణాలకు ఇంధనం పెంచితే చెడ్డ కణాలకూ అందుతుందేమోనన్న అనుమానం ఇంకా తీరలేదు. చవకగా ఉంది కదా అని పాత నియాసిన్‌ని పెద్ద మోతాదులో మింగడం ఇంకా తప్పు. ఒళ్ళు ఎర్రబడి మండుతుంది, షుగరు పెరగొచ్చు, కాలేయం దెబ్బతినొచ్చు.

మిగతావి

దానిమ్మ నుంచి వచ్చే యూరోలిథిన్ ఎ మీద 2022లో వెలువడిన ట్రయల్‌లో, 66 మంది వృద్ధుల్లో, కండరాలు అలసిపోకుండా పనిచేసే ఓపిక కొంత పెరిగింది కానీ ఆరు నిమిషాల నడక దూరంలో ఉత్తుత్తి మాత్రకు, దానికి తేడా తేలలేదు. ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. నేనైతే ఆగుతాను. ఒమేగా-3 చేపలు తినేవాళ్ళకు అంత అవసరం లేదు. అశ్వగంధ మనదే కదా అన్న భరోసాతో వాడతారు, కానీ కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, థైరాయిడ్ హార్మోన్ పెంచే గుణమూ ఉంది. శిలాజిత్తులో భార లోహాల పరీక్ష రిపోర్టు చూపించని కంపెనీది ముట్టుకోకండి. జుట్టు మాత్రల్లో, కొన్ని ఎనర్జీ మల్టీవిటమిన్లలో ఉండే బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే థైరాయిడ్ పరీక్ష ఫలితాలనే తప్పుగా చూపిస్తుంది. రక్తం ఇచ్చే ముందు ఎన్ని రోజులు ఆపాలో డాక్టరునో ల్యాబునో అడగండి.

కొనేటప్పుడు

మీ అమ్మగారు అరవై అయిదేళ్ళ శాకాహారి, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారనుకోండి. అమెరికా నుంచి ఏం తేవాలని అడిగితే, ఏమీ వద్దు, ఇక్కడే బి12 పరీక్ష చేయించు అంటాను. నాన్నగారికి స్టెంట్ పడి, స్టాటిన్ వాడుతూ, పిక్కలు లాగుతున్నాయంటే ముందు గుండె డాక్టరు, తర్వాతే కోక్యూ10. నలభై అయిదేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, రిపోర్టులన్నీ బాగుండీ సాయంత్రానికి నీరసమంటే, నిద్ర ఎంతసేపో, గురక ఉందో చూడాలి. గురకతో నిద్ర తెగే జబ్బుకు ఈ డబ్బాలేవీ మందు కావు, నిద్రలో గాలి అందించే మిషనూ బరువు తగ్గడమూ ఉన్నాయి. అవన్నీ సరిగ్గా ఉండి జిమ్‌కు వెళుతుంటే క్రియాటిన్ డబ్బా కొనుక్కోవచ్చు.

అమెరికాలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంటు అమ్మే ముందు అది పనిచేస్తుందని ఎఫ్‌డీఏకు నిరూపించి అనుమతి తెచ్చుకోనక్కర్లేదు. అక్కడిది కాబట్టి మంచిదే అనుకోవడానికి ఆధారం లేదు. యూఎస్‌పీ లేదా ఎన్‌ఎస్‌ఎఫ్ ముద్ర ఉంటే, రాసిన పదార్థం రాసినంత ఉందని బయటివాళ్ళు పరీక్షించారని అర్థం. ఇక్కడి డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, వైద్యానికి వాడేది కాదన్న హెచ్చరిక ఉండాలి. ప్రొప్రైటరీ బ్లెండ్ అని పది పేర్లు రాసి ఏది ఎన్ని మిల్లీగ్రాములో చెప్పకపోతే తిరిగి అల్మరాలో పెట్టేయండి.

ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టండి. మొదలుపెట్టే ముందు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో లెక్కపెట్టి, రోజూ నడిచే దారిలో ఎక్కడ ఆగాల్సి వస్తోందో చూసి, క్యాలెండర్ మీద రాసుకోండి. మూడు నెలల తర్వాత మళ్ళీ చూడండి. తేడా లేకపోతే ఆ డబ్బా ఖాళీ అయ్యాక రెండోది కొనకండి. ఆపరేషన్ ఏదైనా ఉంటే, కొత్త మందు రాయించుకుంటుంటే, వేసుకునే డబ్బాలన్నిటికీ ఫోన్‌లో ఫొటో తీసి డాక్టరుకు చూపించండి.